‘వదలండి’ అనేదాకా

జూలై 9

పిచ్చుకా,

మీ అక్క పోయిన రోజు ఎలా గడిచిందని నువ్వు ఇక్కడున్నన్నాళ్ళూ అడిగావు. చెప్పలేకపోయాను. ఫోనులోనూ మాట సగంలో ఆగిపోతోంది. కాగితం మీద ఆగదు. అందుకని రాస్తున్నాను.

ఉదయం మామూలుగానే లేచింది. రాత్రి నిద్ర పట్టిందంది. వెనక రెండు దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. కాఫీ అడిగింది. డాక్టరు వద్దన్నాడని చెప్పాను. "ఆయన్ని తాగమనలేదుగా" అంది. సగం కప్పు ఇచ్చాను. ఒక గుక్క తాగి చాలంది. నర్సు వచ్చి నాడి చూసి వెళ్ళింది. ఎండ మంచం మీదికి వస్తుంటే కర్టెన్ లాగబోయాను. ఉండనివ్వమంది. మధ్యాహ్నం నేను పేపరు చదివాను, తను వింది. ఎదురింటివాళ్ళు కొత్త స్కూటరు కొన్నారు. దాని రంగు బాగాలేదంది.

సాయంత్రం నన్ను పక్కన కూర్చోమంది. నా రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టించింది. వాటి మధ్యలో తన చెయ్యి ఉంచింది, ఎటూ తగలకుండా. కాసేపటికి "తెలుస్తోందా?" అంది. నేను శ్రద్ధగానే చూశాను. ఏమీ తెలియలేదు. "లేదు" అన్నాను. "తొందరేం లేదు" అని చెయ్యి తీసేసి పడుకుంది. వీధి దీపాలు వెలిగే వేళకు ఊపిరి తీరు మారింది. డాక్టరు వచ్చేసరికి ఆగిపోయింది. బాధపడలేదు. నీకు ముఖ్యంగా చెప్పవలసింది అదే.

ఇక నా ప్రశ్న. తనకు ఈ యోగం నేర్పింది నువ్వు. చెల్లెలివే అయినా గురువువి. నేను ప్రెషర్ గేజీలు సరిచూసి ముద్ర వేసే మనిషిని. ముల్లు కదిలితే ఒత్తిడి ఉన్నట్టు, కదలకపోతే లేనట్టు. నా చేతుల మధ్య మీ అక్క ఏం తెలియాలని అడిగింది? ఓదార్పు వద్దు. అదేమిటో రాయి.

మీ బావ

*

జూలై 17

బావా,

మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. "ఆయన్ని తాగమనలేదుగా" దగ్గర నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలో ఉండగానే ఏడుపొచ్చింది. మీ తోడల్లుడు చూసి, "ఏదో ఒకటి తేల్చుకోవే, నేను దేనికి సిద్ధపడాలి?" అన్నారు. ఆయన సంగతి మీకు తెలుసుగా. తువ్వాలు మాత్రం తెచ్చిచ్చారు.

ఓదార్పు వద్దన్నారు. సరే, పాఠమే చెప్తాను. పిల్లకాకినని తీసిపారెయ్యకండి.

ప్రాణం అంటే గాలి కాదు బావా. అందరూ అక్కడే బోల్తా పడతారు. ఊపిరి బండి అయితే, ప్రాణం అందులో కూర్చున్న మనిషి. బండి చప్పుడు వీధంతటికీ వినిపిస్తుంది. లోపల ఎవరున్నారో కనబడాలంటే బండి నెమ్మదించాలి. అన్నం అరిగేదీ, గోరు పెరిగేదీ, తలుపు చప్పుడుకు చెవి అటు తిరిగేదీ ఆ ఒక్కదానివల్లే. మనం దాన్ని పుట్టించక్కర్లేదు. గమనిస్తే చాలు. అరచేతుల మధ్య అక్క మీకు చూపించబోయింది అదే. నేను కూడా తనకి మొదట అలాగే చూపించాను. అప్పుడు అక్క ఏమందో తెలుసా? "చెమట తెలుస్తోందే" అంది! మర్నాడు ఫ్యాను కొనుక్కొచ్చింది. తనకి తెలియడానికి ఏడాది పైనే పట్టింది. కాబట్టి మీరు బెంగపెట్టుకోకండి.

మీకు తెలియాలనుంటే ఒక పని చెయ్యండి. మేడ మీద అక్క యోగా క్లాసు చెప్పిన గదిలో పొద్దున్నే కూర్చోండి. క్లాసుకొచ్చే బ్యాంకావిడ ఒకసారి పాఠమంతా రికార్డు చేసి అక్కకి ఒక క్యాసెట్ ఇచ్చిందిగా, అది పెట్టుకోండి. తను చెప్పినట్టు చెయ్యండి. ఊపిరి లోపలికొచ్చాక, బయటికి పోయేముందు ఒక విరామం ఉంటుంది. అక్కడ బండి చప్పుడుండదు. చూడాల్సింది అక్కడే.

అన్నం సరిగ్గా తింటున్నారా? అబద్ధం రాస్తే నాకు తెలిసిపోతుంది. మీ అక్షరాలు చిన్నవైపోతాయి.

మీ పిచ్చుక

*

ఆగస్టు 2

పిచ్చుకా,

తింటున్నాను. అక్షరాలు కొలుచుకో.

క్యాసెట్ దొరికింది. చాపల కింద ఉంది. మొదటి రోజు తన గొంతు వినగానే ఆపేశాను. రెండోసారి ఆపలేదు.

పాఠం మొదట్లో కాళ్ళూ చేతులూ వంచడం. అది నా వల్ల కాదు, కూర్చుని వింటాను. తర్వాత ఊపిరి. "పీల్చండి, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా, నిండుగా" అంటుంది. ఆ తర్వాత నువ్వు రాసిన విరామం. చాలా పెద్దది. ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ ఉండదు. ఎప్పటికో "ఇప్పుడు మెల్లగా వదలండి" అంటుంది.

నేను సగం దూరం కూడా పోలేకపోతున్నాను. పాత వాల్వు లీకైనట్టు ఎక్కడో జారిపోతోంది. తన క్లాసులో ఆడవాళ్ళు రోజూ చేసేవాళ్ళంటే ఆశ్చర్యంగా ఉంది. వాళ్ళలో ఒకావిడ నానమ్మ. అయినా పట్టు వదలను. ఎన్నో ఏళ్ళు ఈ పాఠం నా ఇంటి మేడ మీదే నడిచింది. నేనా వేళకు డ్యూటీకి పోయేవాణ్ణి. ఇప్పుడు డ్యూటీ మధ్యాహ్నానికి మార్పించుకున్నాను.

ఆ క్లాసువాళ్ళు వచ్చి గది తాళం అడిగారు. మళ్ళీ మొదలుపెడతారట. ఇవ్వలేదు. గది ఇప్పుడు నాకు కావాలి.

బావ

*

ఆగస్టు 10

బావా,

మీరు కూర్చున్నారని చదివి ఎగిరి గంతేశాను. మోకాలు పట్టేసింది. యోగా టీచర్ మోకాలు పట్టేసిందని స్కూల్లో తెలిస్తే నా పరువు గంగలో కలుస్తుంది, ఎవరికీ చెప్పకండి.

విరామం మీకు పెద్దదిగా అనిపించిందంటే మంచి లక్షణం. నాకు మొదట్లో అసలు ఉన్నట్టే తెలిసేది కాదు. భయపడకండి. అందులో ఎంతసేపు ఉండనిస్తే అంతసేపు ఉండండి. అందులో ఉండటం వచ్చినవాళ్ళకి మిగతాదంతా దానంతటదే వస్తుంది.

కానీ తాళం సంగతి నాకు నచ్చలేదు. బ్యాంకావిడ కూడా నాకు రాసింది. "సార్ తలుపు సందులోంచే మాట్లాడి పంపేశారు" అని. అక్క ఆ గదిని తన కోసం కట్టించుకోలేదు బావా. పోనీ గది అద్దెకిద్దామనుకుంటున్నారా? అలా అయితే నాతో ఒక మాట చెప్పండి. చాపలు నేను తెచ్చుకుంటాను. మీకు అడ్డమైతే క్యాసెట్ కూడా.

మీ తోడల్లుడు ఈమధ్య నాతోపాటు కళ్ళు మూసుకుని కూర్చుంటున్నారు. ప్రాణశక్తి తెలుస్తోందా అంటే, "వంటింట్లోంచి వస్తోంది, పోపు పెట్టినట్టుంది" అంటారు.

పిచ్చుక

*

ఆగస్టు 28

పిచ్చుకా,

గది అద్దెకు ఇవ్వను. క్యాసెట్ ఇవ్వను.

నిన్న చివరిదాకా వెళ్ళాను. "వదలండి" అన్నప్పుడు నా ఊపిరి ఇంకా లోపలే ఉంది. తను చెప్పాకే వదిలాను.

ఏం జరిగిందో వరసగా రాస్తాను. ముందు ఛాతీలో బరువు. తర్వాత చెవుల్లో హోరు. కళ్ళు మూసి ఉన్నా కాంతి కనబడింది, అంచుల నుంచి మధ్యకు వచ్చింది. తర్వాత వేళ్ళ చివర్లలో జివ్వుమంది. అరచేతుల్లోకి పాకింది. రెండు చేతులూ ఎదురెదురుగా పెట్టి చూశాను. మధ్యలో ఏదో ఉంది. కచ్చితంగా ఉంది. మీ అక్క అడిగింది ఇదేనా? ఇదే అయితే ఒక్క మాట రాయి, చాలు.

ఈరోజు వర్క్‌షాపులో భోజనాల వేళ క్యాసెట్ లేకుండా చేశాను. ఆ నిడివి నాకు కంఠతా వచ్చేసింది. స్టూలు మీంచి పడ్డానట. నాకు గుర్తు లేదు. కళ్ళు తెరిచేసరికి ఫిట్టర్ నా మొహం మీద నీళ్ళు కొడుతున్నాడు. "సార్, గేజీలకి ముద్ర వెయ్యడానికి మీరుండాలి. పైనుంచి వెయ్యడం కుదరదు" అన్నాడు. మోచెయ్యి గీసుకుంది, అంతే.

రేపు మళ్ళీ చేస్తాను.

బావ

*

సెప్టెంబరు 3

బావా,

ఈ ఉత్తరం అందగానే ఆపెయ్యండి. ముందు ఆపండి, తర్వాత చదవండి.

మీకు తెలిసింది ప్రాణం కాదు. ఊపిరాడక ఒళ్ళు పెట్టిన కేక అది. చెవుల్లో హోరు, కళ్ళల్లో కాంతి, వేళ్ళల్లో జివ్వుమనడం, నీళ్ళలో మునిగిపోయేవాడికి కూడా తెలుస్తాయి. మీరు పడ్డారు బావా! పక్కన ఆ ఫిట్టర్ లేకపోతే? మెట్ల మీద చేసి ఉంటే?

ఊపిరి బిగబట్టడం నేను అక్కకి నేర్పలేదు. క్లాసులో అక్క ఎవరి చేతా చేయించేది కాదు. ఊపిరి ఆడుతున్నప్పుడు మధ్యలో దానంతటదే వచ్చే విరామం గురించి నేను రాశాను. అది రెప్పపాటు. మీరేమో దాన్ని పొలం కొలిచినట్టు కొలుస్తున్నారు. అంత పొడుగు ఖాళీ అక్క పాఠంలో ఉండే అవకాశమే లేదు. మీరు ఏ క్యాసెట్ వింటున్నారు? టేపు సాగిందేమో, మెషీను పాడైందేమో చూపించండి.

ఫోను చేస్తే ఎత్తడం లేదు. ఎత్తండి.

పిచ్చుక

*

సెప్టెంబరు 9

చెల్లెమ్మకు,

మెషీను బాగానే ఉంది. సరిచూశాను. అది నా వృత్తి.

క్యాసెట్ మీద ఉన్నది మీ అక్క గొంతు. పీల్చమన్నదీ తనే, వదలమన్నదీ తనే. మధ్యలో ఎంతసేపో నేను కల్పించలేదు. నేను విన్నాను. నువ్వు వినలేదు. విననిదాన్ని గురించి అవకాశం లేదని రాశావు.

జూలైలో విరామంలో చూడమన్నావు. ఆగస్టులో భయపడవద్దన్నావు, ఉండగలిగినంత ఉండమన్నావు. ఉన్నాను. మొదటిసారి నా చేతికి ఏదో తెలిసింది. అది కాదంటున్నావు. అయితే ఏది?

ఆ సాయంత్రం నేను "లేదు" అన్నాను. ఇప్పుడు ఉందని చెబుదామంటే మీ అక్క లేదు. నీకు చెప్పాను. నువ్వూ లేదన్నావు. ఈ సంగతి మన మధ్య ఇక వద్దు.

మోచెయ్యి మానింది.

బావ

*

సెప్టెంబరు 16

బావా,

మీ పెళ్ళయిన కొత్తలో నేను మీ స్కేలు విరగ్గొడితే కూడా మీరు నన్ను "చెల్లెమ్మ" అనలేదు. పిచ్చుకా అనే తిట్టారు. ఆ ఒక్క పిలుపుతో రెండు రోజులు అన్నం సయించలేదు.

తప్పు నాది. నిజంగానే. మీ ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన పాఠం కాగితం మీద చెప్పాను. మీరు రాసిన ఒక్కో మాటా నాకు కావలసినట్టు అర్థం చేసుకుని సంబరపడిపోయాను. ఎంత పెద్దదని ఒక్కసారైనా అడగలేదు.

మీరు విన్నది అబద్ధమని ఇక అనను. మీరు గొంతులు పోల్చుకోలేని మనిషీ కాదు, లేనిది ఉందనే మనిషీ కాదు. కానీ నేను అప్పుడు ఆ గదిలో లేను, మీరూ లేరు. ఉన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళని ఒక్కసారి అడగండి. అంతే. అడిగాక, అక్క బిగబట్టమందని వాళ్ళు చెప్తే, నేను చెవులు పట్టుకుని గుంజీళ్ళు తీస్తాను, ఈ మోకాలితోనే.

అప్పటిదాకా మాత్రం వద్దు బావా. అక్క పోయి మూడు నెలలు కాలేదు. నాకు ఉన్నది ఒక్క బావ.

మీ పిచ్చుక

అన్నయ్యా, తోడల్లుణ్ణి. ఈవిడ రాసిందంతా చదవనిచ్చింది. నాకు యోగం తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. మీరు ఫోను ఎత్తకపోతే ఈవిడ ఇక్కడ ఊపిరి బిగబడుతోంది. ఇద్దరూ వదిలెయ్యండి.

*

సెప్టెంబరు 30

పిచ్చుకా,

నువ్వు గుంజీళ్ళు తీయనక్కరలేదు.

నీ ఉత్తరం వచ్చాక కొన్నాళ్ళు ఎవరినీ అడగలేదు. మొన్న ఆదివారం వాళ్ళే వచ్చారు, తాళం కోసం కాదు, చాపల్లో ఒకటి తమదని. లోపలికి రమ్మన్నాను. బ్యాంకావిడ, నానమ్మ, ఇంకొకావిడ. ఆ ఇంకొకావిడ టెలిఫోన్ ఆఫీసులో రాత్రి డ్యూటీ చేసి అటునుంచి అటే క్లాసుకు వచ్చేదట. ఎప్పుడూ ఆలస్యమే. అందరూ ఆవిణ్ణి ఆలస్యంగారూ అనే పిలుస్తారు. ఆవిడా పలుకుతుంది.

మేడ మీద కూర్చోబెట్టి క్యాసెట్ పెట్టాను. నానమ్మ కళ్ళు తుడుచుకుంది. "నిండుగా" అన్న మాట వచ్చింది. ఫ్యాను చప్పుడు మొదలైంది. నేను అన్నాను, "ఇక్కడ మీరందరూ ఎలా బిగబట్టేవారు? నాకు చాలా రోజులు పట్టింది."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బిగబట్టడమేంటి సార్?" అంది బ్యాంకావిడ.

"వదలండి అనేదాకా."

"అయ్యో రామా" అని నానమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆలస్యంగారి మొహం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబోయింది.

"సార్, అది నేను సార్" అంది. "అది నా కోసం."

నాకు అర్థం కాలేదు. బ్యాంకావిడ చెప్పింది. కింద వీధి తలుపు గడియ పెట్టే ఉంచేవారట. ఒకసారి తీసి ఉంచితే వీధికుక్క మేడెక్కి వచ్చి చాప మీద పడుకుందట. "మా అందరికంటే బాగా శవాసనం వేసింది సార్, మేడమ్ దాన్ని చూసి నేర్చుకోమన్నారు" అంది నానమ్మ. అప్పటినుంచి గడియ. మీ అక్క పాఠం చెబుతూనే కిటికీలోంచి చూసేదట. వీధి మలుపులో ఆలస్యంగారు కనబడగానే, ఎక్కడిదక్కడ ఆపి, మీరు కానివ్వండి అని చేత్తో సైగ చేసి, చెప్పుల్లేకుండా మెట్లు దిగి వెళ్ళి తలుపు తీసేదట. బెల్లు కొడితే అందరి ధ్యానం చెడుతుందని. తిరిగి వచ్చి కూర్చుని, ఆపిన చోటినుంచి అందుకునేది.

"మరి మీరు?" అన్నాను. "తను వచ్చేదాకా మీరేం చేసేవాళ్ళు?"

"ఏం చేస్తాం సార్, మామూలుగా ఊపిరి పీల్చుకుంటూ కూర్చునేవాళ్ళం" అంది బ్యాంకావిడ. "పీల్చుకోకపోతే పోతాం కదా."

నానమ్మ నవ్వింది. తర్వాత ముగ్గురూ నవ్వారు. ఆలస్యంగారు నవ్వుతూనే ఏడ్చింది. "సార్ని పడేసింది నేనేనా" అని ఒకటే గొడవ. మోచెయ్యి చూపించి, ఏమీ కాలేదని చెప్పవలసి వచ్చింది. నేనూ నవ్వాను. చాలా రోజులకు.

తను తలుపు తీయడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. దీని గురించి ఇంతకంటే రాయను.

వాళ్ళు వెళ్ళాక ఒక్కణ్ణే మళ్ళీ విన్నాను. ఈసారి బిగబట్టలేదు. అదివరకు ఫ్యాను చప్పుడు, నా చెవుల్లో హోరు తప్ప వేరే వినబడేది కాదు. ఇప్పుడు వినబడింది. చాప కదిలిన చప్పుడు. మెట్ల మీద అడుగులు, దూరమవుతూ. గడియ. కింద ఎవరో ఏదో అన్నారు, మీ అక్క నవ్వింది. మళ్ళీ అడుగులు, ఈసారి ఇద్దరివి. నేను ఖాళీ అనుకున్నదాంట్లో ఇంత ఉంది.

వింటూ ఉండగా ఇంకొకటి జరిగింది. అడుగులు లెక్కపెడుతూ నా ఊపిరి సంగతి మరిచిపోయాను. అది వచ్చింది. నేను లాగలేదు. వచ్చి, పోయి, మళ్ళీ వచ్చింది. గేజీ ముల్లు మెల్లగా లేచింది, కానీ పంపు దగ్గర ఎవరూ లేరు. అలా ఎన్నాళ్ళనుంచి వస్తోందో నేనెప్పుడూ చూడలేదు. హోరు లేదు. కాంతి లేదు. చేతుల్లో ఏమీ లేదు. చిన్న సంగతి. కానీ తెలిసింది. నువ్వు బండి అన్నావు, మనిషి అన్నావు. నా మాటల్లో నాకు ఇంతవరకే వచ్చు. ఇది మొదలా, ఇది కూడా కాదా అన్నది నువ్వు చెప్పాలి. ఈసారి ఉత్తరంలో కాదు. వచ్చే నెల స్కూలుకు సెలవులుంటాయిగా, వచ్చి ఎదురుగా కూర్చుని చెప్పు. తోడల్లుణ్ణి కూడా తీసుకురా. ఆయన నన్ను తిట్టినవాటిలో బాగున్న తిట్టు ఆ చివరి మూడు వాక్యాలు. అందులో వైద్యం కూడా ఉంది.

సాయంత్రం ఫోను చేస్తే ఎత్తుతాను. మాట ఆగితే నువ్వు మాట్లాడు. నీకది కష్టం కాదు.

గది వాళ్ళకు ఇచ్చేశాను. రేపటినుంచి క్లాసు మొదలు. నువ్వు వచ్చేదాకా క్యాసెట్టే పాఠం చెబుతుంది. ఆలస్యంగారు తను త్వరగా వస్తానని ఒట్టు పెట్టుకుంది. నానమ్మ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

రేపు ఉదయం మేడ గది తెరిచి, చాపలు పరిచి, క్యాసెట్ పెడతాను. తర్వాత కిందికి వచ్చి చివరి మెట్టు మీద కూర్చుంటాను. ఆలస్యంగారు వచ్చినప్పుడు తలుపు తీస్తాను.

మీ బావ